తల్లి ఉప్పు

ఖరగ్‌పూర్ నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో దాలమ్మ గొంతు ఎరగనివాళ్ళు లేరు. పొద్దున్నే మొగుణ్ణి టీకి పిలిచిందంటే వెనక లైనులో బెంగాలీ గార్డుగారి ఇల్లంతా లేచి కూర్చునేది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆవిణ్ణి గయ్యాళి అనుకునేవారు. పాపం, ఆవిడ పుట్టుకతో నెమ్మదైన మనిషి. అరవకపోతే మొగుడికి వినపడదు, అంతే సంగతి.

ఆ మొగుడు గణపతిరావు వర్క్‌షాపులో బాయిలర్ షాపు ఖలాసీ. ఇంజను బాయిలర్లో నీళ్ళు కాగి కాగి లోపలి రేకుకి తెల్లటి పెచ్చు పడుతుంది. షాపులో దాన్ని స్కేలు అంటారు. మన ఇళ్ళల్లో నీళ్ళకాగు అడుగున పట్టే సున్నం లాంటిదే గాని, బాయిలర్లో పట్టేది రాయి. అది పేరుకుంటే ఇంజను బొగ్గు మింగుతుందే తప్ప ఆవిరి ఇవ్వదు. దాన్ని ఊడగొట్టాలంటే మనిషి బాయిలరు కడుపులోకి దూరి, కుక్కిన పేనులా ముడుచుకుని, సన్న ముక్కున్న సుత్తెతో పొద్దస్తమానం కొట్టాలి. ఇనప పీపాలో కూర్చుని ఇనుము మీద కొడితే ఆ మోత ఎక్కడికి పోతుంది, చెవుల్లోకి కాక? పెళ్ళయిన కొత్తలో దాలమ్మ కూనిరాగం తీస్తే గణపతిరావు వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడి వినేవాడు. పోను పోను ఆవిడ వెనకాల ఇత్తడి బిందె పడేసినా తిరిగి చూడటం మానేశాడు.

చెవులు పోయినందుకు అతను ఎవర్నీ తిట్టలేదు. తన పనంటే అతనికి గొప్ప. తెల్ల పెచ్చు కంటపడితే చేతులు ఊరుకునేవి కావు. ఆదివారం పూట పక్కింటి రూతు ఇంటికి వెళ్ళి, అడక్కుండానే ఆవిడ నీళ్ళకాగు బోర్లించుకుని అడుగు గీకి తళతళలాడించి ఇచ్చేవాడు. రూతు రైల్వే ఆసుపత్రిలో ఆయా, తెలుగు కిరస్తానీల పిల్ల. కాగు చిల్లి పడుతుందేమోనని భయపడుతూనే నవ్వేది. ఎవరేం చెప్పినా గణపతిరావు నోటి కదలిక చూసి తల ఊపి, "ఠీక్ హై, ఠీక్ హై" అనేవాడు. విన్నాడని కాదు. వినలేదని చెప్పుకోవడం అతనికి సిగ్గు.

ఇక దాలమ్మది ఉప్పు పండే ఊరు. కలకత్తా నుంచి మద్రాసు పోయే లైను మీద, బరంపురం దాటి శ్రీకాకుళం జిల్లాలోకి దిగాక, ఎడమ చేతివైపు కిటికీలోంచి చూస్తే తాటిచెట్ల సందుల్లో పెద్ద నీటి పలక కనిపిస్తుంది. అక్కడివాళ్ళు దాన్ని కయ్య అంటారు. చెరువు కాదు, సముద్రమూ కాదు. సముద్రానికీ దానికీ మధ్య ఇసక దిబ్బ, ఆ దిబ్బలో ఒకచోట గండి. ఆ గండిని మొగ అంటారు. పోటుకి మొగలోంచి ఉప్పునీరు లోపలికొస్తుంది. వానాకాలం కొండవాగులు, అక్కడి మాటలో గెడ్డలు, దిగి అదే నీటిని తియ్యగా చేస్తాయి. ఏడాదిలో సగం ఒక రుచి, సగం మరో రుచి. చలి మొదలయ్యేసరికి గూడకొంగలు గుంపులుగా దిగి నీటి మీద కూర్చుంటాయి. మోకాలి లోతు బురదలో రొయ్యలు, మండపీతలు. ఒడ్డున గుల్లలేరి, కాల్చి సున్నం చేసి అమ్ముకునే ఇళ్ళు కొన్ని ఉన్నాయి. ఆ గుల్లల మీదే ఊరికి గుల్లపేట అని పేరొచ్చింది. ఎండ ముదిరేకొద్దీ కయ్య వెనక్కి జరుగుతుంది, తడి ఆరిన నేల మీద ఉప్పు తెల్లగా బూజులా పూస్తుంది, గేదెలు వచ్చి నాకుతాయి. పడమటి గాలి తిరిగిందంటే ఇక ఊరందరికీ మడుల పనే.

ఉప్పుమడి అంటే వరిమడి లాంటిదే, కాస్త చిన్నది. కయ్య నీటిని ఒక మడిలోంచి ఇంకోదానిలోకి, అందులోంచి మరోదానిలోకి పారించుకుంటూ పోతే, ఎండకి చిక్కబడి చిక్కబడి చివరి మడికి చేరేసరికి చింతపండు పులుసులా ఎర్రబారుతుంది. ఉప్పు దిగేది ఆ చివరి మడిలోనే. ఆ మడి అడుగున బురద తగలకూడదు. బురద మీద దిగిన ఉప్పు నల్లగా ఉంటుంది, మట్టి వాసన వేస్తుంది, షావుకారు కన్నెత్తి చూడడు. అందుకని వెనకటివాళ్ళు మడిని కాళ్ళతో తొక్కి గట్టిపరిచి, మొదటి ఏళ్ళలో దిగిన ఉప్పుని తియ్యకుండా అలాగే వదిలేశారు. అది ఏడాది మీద ఏడాది పేరుకుని, బెత్తెడు మందాన రాయిలా బిగిసి, మడికి నేలయింది. గుల్లపేటలో దాన్ని తల్లి ఉప్పు అంటారు. ఏటా దాని మీద పట్టిన పిల్ల ఉప్పుని చెక్కపారతో మెల్లగా లాక్కోవడమే గాని, తల్లిని ఎవరూ ముట్టరు. వానాకాలం అది కరక్కుండా మీద చిక్కటి ఉప్పునీరు నిలిపి కాపాడతారు. తెలియనివాళ్ళ కంటికి అది బూడిద రంగు పెచ్చు, మురికి పట్టిన పాత పెచ్చు. దాలమ్మ వాళ్ళ మడిలో తల్లి ఉప్పు కట్టింది ఆవిడ తండ్రికి తాత.

దాలమ్మ తండ్రికి ఒక్కతే కూతురు. ఆయన పోయాక మడి ఎవరిదన్న మాట వచ్చింది. గుల్లపేటలో ఒక కట్టుబాటు ఉంది. మాఘమాసంలో పున్నమికి ముందు అందరూ మడులు తొక్కుతారు. ప్రతి మడిలోనూ ఆ ఇంటి కాలు పడాలి. ఇంటి కాలు పడని మడిని తీసి, మడి లేని ఇంటికి ఇచ్చేస్తారు. పెళ్ళయి ఖరగ్‌పూర్ పోయిన ఆడపిల్ల కాలు ఇంటి కాలేనా కాదా అని పెద్దలు ఒక పూటంతా తర్జనభర్జన పడ్డారు. దాలమ్మ మేనత్త సింహాచలమ్మ వాళ్ళ మధ్యకి వెళ్ళి నిలబడి, పిల్ల ఆ మడిలోనే నడక నేర్చింది, ఇంకెవరి కాలు కావాలి మీకు అని అడిగేసరికి నోళ్ళు మూతపడ్డాయి. మూతపడ్డ నోళ్ళు తెరిచి, కూతురి కాలే కాదు, అల్లుడి కాలు కూడా ఇంటి కాలేనని ఉదారంగా తీర్మానించారు. ఆ ఔదార్యమే దాలమ్మ కొంప ముంచుతుందని ఎవరికి తెలుసు?

అప్పట్నుంచీ ఏటా మాఘమాసానికి దాలమ్మ మొగుడి రైల్వే పాసు మీద ఒక్కతే గుల్లపేట వెళ్ళొచ్చేది. మడి ఊడ్చి, తొక్కి, మొదటి నీరు పెట్టి, మేనత్తకి అప్పజెప్పి వచ్చేది. ఎండాకాలమంతా ఉప్పు లాగడం మేనత్త పని, పండిందాంట్లో సగం ఆవిడది. తిరిగొచ్చేటప్పుడు దాలమ్మ సంచీలో పాత ఏటి ఉప్పు మూట ఉండేది. రూతుకి ఒక దోసెడు పెట్టి, ఇది తిని చూడు, గోల్‌బజార్ ఉప్పు ఇక నోట పెట్టుకోలేవు అనేది. రూతుకి రెండూ ఒకలాగే ఉండేవి గాని ఆ మాట పైకి అనేది కాదు.

ఖరగ్‌పూర్ దాలమ్మకి ఎన్నేళ్ళయినా ఒంటబట్టలేదు. ఎర్ర కంకర నేల, వేసవిలో నీళ్ళకి కొట్లాటలు, ఏ వేళప్పుడు చూసినా యార్డులో వాగన్ల గుద్దులాట. కడుపున ఇద్దరు పుట్టి, ఇద్దరూ పాలు మరవకముందే పోయారు. గణపతిరావుకి సొంతూళ్ళో గోచిపాతంత నేల కూడా లేదు. రిటైరైన మర్నాడు క్వార్టరు ఖాళీ చేసి ఎక్కడికి పోవాలి? ఆ ప్రశ్నకి దాలమ్మ దగ్గర ఒకటే జవాబు: మడి. మడి గట్టు మీద ఒక పాక, పొద్దున్నే మొగుడూ పెళ్ళాం చెరో చెక్కపార పుచ్చుకుని ఉప్పు లాగడం, సాయంత్రం మండపీతల పులుసు. యార్డులోకి ఉప్పు వాగన్లు వచ్చినప్పుడల్లా ఆవిడ కంచె పక్కకి వెళ్ళి నిలబడేది. గోనె సందుల్లోంచి వచ్చే చెమ్మ వాసన పీల్చుకుని ఇంటికొచ్చి వంట మొదలెట్టేది. ఆవిడ ఆశంతా ఆ మడి మీదే, ఇంకెక్కడా లేదు.

చైనాతో యుద్ధం అయిన మరుసటి మాఘమాసం. ప్రయాణానికి సంచీ సర్దుకుని, బట్టలు జాడించడానికి వెళ్ళిన దాలమ్మ కొళాయి దగ్గర పాకుడు మీద జారింది. మడమ పైన ఎముక విరిగింది. ఆసుపత్రిలో కాలికి సిమెంటు కట్టు వేసి, కదిలావంటే జన్మంతా కుంటుతావన్నారు. కాలు విరిగినందుకు కాదు, మాఘమాసంలో విరిగినందుకు ఆవిడ భోరుమంది.

ఉపాయం చెప్పింది రూతే.

"అన్నయ్యని పంపు అక్కా. అల్లుడి కాలు సెల్లుతాదని నువ్వే కదా సెప్పినావు."

నిజమే. దాలమ్మ కళ్ళు తుడుచుకుంది. గణపతిరావుకి సెలవు దొరికింది. బయల్దేరే ముందు దాలమ్మ మంచం మీద కూర్చునే అతనికి పని నేర్పింది. సుద్దముక్కతో గచ్చు మీద మడులు గీయించింది, చివరిది మనదని వేలితో పొడిచి పొడిచి చూపించింది. గాలికి కొట్టుకొచ్చిన నాచు, గుల్లలు, చెత్త ముందు తీసెయ్యాలని చేతులతో ఊడ్చి చూపించింది. చివరి మడిలో తొక్కుడంటే ఒక పద్ధతి. గట్ల వార ఎండిపోయిన బురద మెత్తబడేలా నీళ్ళు చల్లి మడమతో అదిమి, నాలుగు వైపులా పగుళ్ళు పూడ్చాలి. మంచం మీద మంచి కాలితో తొక్కి చూపించింది. అతను శ్రద్ధగా చూసి అన్నింటికీ ఠీక్ హై అన్నాడు.

తల్లి ఉప్పుని ముట్టకు అని మాత్రం ఆవిడ చెప్పలేదు. చెప్పాలని తోచనైనా తోచలేదు. అన్నం వడ్డిస్తూ కంచం కొరక్కు అని ఎవరైనా చెబుతారా? గుల్లపేటలో పుట్టిన ఎవరికీ ఆ మాట చెప్పాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు. అతని సంచీలో తువ్వాలు కింద బాయిలర్ సుత్తె కనిపిస్తే కూడా, గట్టు రాళ్ళు సర్దడానికేమోలే అనుకుంది. పనిమంతుడు పనిముట్టు లేకుండా ఎక్కడికీ పోడని రూతుతో అని ముచ్చటపడింది కూడాను.

గణపతిరావు వెళ్ళింది తొక్కుడుకి ముందురోజు. ఆ రోజు గుల్లపేటలో మనిషన్నవాడు ఇంట ఉండడు. శీతాకాలంలో అలలు ఇసక తెచ్చి మొగని పూడ్చేస్తాయి. పూడిన మొగని తవ్వి సముద్రాన్ని లోపలికి తెచ్చుకుంటేగాని ఆ ఏటికి ఉప్పు లేదు. అందుకని ఊరు ఊరంతా పారలు, తట్టలు పుచ్చుకుని దిబ్బ మీదికి పోతుంది. మడుల దగ్గర మిగిలింది నడుం వంగిన సింహాచలమ్మ ఒక్కతే. ఆవిడ అల్లుణ్ణి ఆదరంగా కూర్చోబెట్టి చద్దన్నం పెట్టి, రేపు అందరితో పాటు తొక్కుదువుగాని, ఇవాళ పడుకోమని చెప్పి ఇంట్లోకి వెళ్ళింది. అతను ఠీక్ హై అని, పడుకోకుండా మడి చూసొద్దామని వెళ్ళాడు.

తరవాత జరిగింది దాలమ్మ ముందుగా విన్నది మొగుడి నోటే. తిరిగొచ్చిన మనిషి రిక్షా దిగుతూనే మొహం వెలిగిపోతున్నాడు. ఎండకి నల్లబడ్డాడు, పెదాలు పగిలాయి, అరచేతులు బొబ్బలెక్కి చితికి, చితికిన చోట ఉప్పు దిగి పచ్చిపుండ్లయి ఉన్నాయి. మంచం అంచున కూర్చుని, చెవిటివాళ్ళు మాట్లాడినట్టే వీధంతా వినపడేలా చెప్పడం మొదలుపెట్టాడు.

"ఏటి మనుసులే మీవోళ్ళు! తరాల్నుంచీ స్కేలు తియ్యకుండా అలా ఒగ్గీసినారు. బెత్తెడు మందం కట్టీసినాది. ఒక్క పూటలో మొత్తం ఊడగొట్టీసినాను. అడుగు మట్టి అగుపడేదాకా ఒగ్గనేదు."

దాలమ్మకి మొదట అర్థం కాలేదు. అతను సుత్తె తీసి, నేల మీద కొట్టి మరీ చూపించాడు. ఎలా మూల నుంచి మొదలెట్టాడో, పలకలు పలకలుగా ఎలా లేచిందో, లేచినవన్నీ గట్టు అవతల కయ్యలోకి ఎలా విసిరాడో వరసగా చెప్పాడు. ముసలావిడ గట్టు మీద నిలబడి చేతులెత్తి ఊపుతుంటే, తనూ చేయి ఊపాడట. సాయంత్రం మొగ దగ్గర్నుంచి తిరిగొచ్చిన ఊళ్ళోవాళ్ళందరూ మడి చుట్టూ నిలబడి నోరెళ్ళబెట్టారట. వాళ్ళేదో చాలా సేపు చెప్పారు, ఒకాయన కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు. మీ నాన్నని తలుచుకున్నట్టున్నాడు అన్నాడు గణపతిరావు. మర్నాడు అందరితో పాటు తొక్కి, ఇంటి కాలు పడిందని ఒప్పించుకుని వచ్చాడు.

చివరికి సంచీలోంచి తువ్వాలు చుట్టిన పెచ్చు ఒకటి తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. తను ఎంత మురికి వదిలించాడో పెళ్ళానికి చూపించాలని తెచ్చాడు. బూడిద రంగు పలక, బెత్తెడు మందం. పక్కనుంచి చూస్తే పొరలు పొరలుగా ఉంది, ఒక్కో పొర ఒక్కో ఏడు. దాలమ్మ దాని మీద చెయ్యి వేసింది.

చంపెయ్యాలనిపించింది. అబద్ధమెందుకు, ఆ సుత్తె పుచ్చుకుని అతని నెత్తి మీదే ఒక్కటి వెయ్యాలనిపించింది. అంతలో అతను, చూడవే అని రెండు అరచేతులూ చాపాడు. పుండ్ల మీద ఉప్పు పడితే ఎలా మండుతుందో దాలమ్మకి చెప్పక్కర్లేదు. ఆ మంటతో పొద్దంతా కొట్టాడు, ఎవరి కోసం? ఆవిడ రూతుని కొబ్బరినూనె తెమ్మని, ఆ చేతులకి రాసింది. రాస్తున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది. అతను ఆవిడ భుజం తట్టి, వచ్చే ఏడు నువ్వే వెళ్దువుగానిలే అని ఓదార్చాడు.

ఆ నెలంతా ఆవిడ కూరల్లో ఉప్పు వెయ్యలేదు. కావాలనే వెయ్యలేదు. గణపతిరావు కిక్కురుమనకుండా తిన్నాడు. రూతుతో మాత్రం, మీ అక్కకి కాలు నొప్పిగా ఉన్నట్టుంది, ఉప్పు మరచిపోతోంది, నువ్వేమీ అనకు అని చెప్పాడు. రూతు ఆ మాట తెచ్చి చెబితే మర్నాటి నుంచి ఉప్పు వేసింది. చెప్పెయ్యరాదా అక్కా, రాసి చూపించినా సరే, బరువు దిగుతుంది కదా అంది రూతు.

"సెప్పి ఏటి సెయ్యమంటావు? తల్లి లేచొస్తాదా? ఆడూ ఏడుత్తాడు, అంతే కదా" అంది దాలమ్మ.

పై ఏడు కాలు కూడుకున్నాక తనే వెళ్ళింది. మనసులో ఏ మూలో, అంతా ఊడి ఉండదులే, కొంతైనా మిగిలి ఉంటుందిలే అని ఉండేది. గట్టు మీద నిలబడి చూస్తే మడిలో మిగిలింది నల్లటి బురద, పీతల బొక్కలు. గణపతిరావు ఏ పనీ సగంలో వదిలే మనిషి కాడు మరి. దాలమ్మ మడిలోకి దిగింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ గరుగ్గా, గట్టిగా తగిలే నేల ఇప్పుడు పాదాన్ని చీలమండ దాకా మింగింది. పక్క మడులవాళ్ళు తలలు తిప్పుకున్నారు. ఒక్కరూ నిష్ఠూరమాడలేదు. ఆడి ఉంటే బాగుండేది.

సింహాచలమ్మ మాత్రం చెప్పుకుని చెప్పుకుని ఏడ్చింది. గొంతు పోయేలా అరిచిందట. నడవలేక నడుస్తూ గట్లన్నీ చుట్టి వెళ్ళేసరికి సగం లేచిపోయింది. చొక్కా పట్టుకు లాగితే అతను నవ్వి, ఎండలో నిలబడకత్తా అని ఆవిణ్ణి నీడకి నడిపించి, మళ్ళీ వచ్చి కొట్టడం మొదలెట్టాడు. సాయంత్రం ఊరి పెద్దలు అతన్ని కూర్చోబెట్టి ఏం చేశావో తెలుసా అని అడిగితే, అన్నింటికీ తల ఊపాడు.

మళ్ళీ కట్టలేమా అత్తా అని దాలమ్మ అడిగింది. సింహాచలమ్మ గుప్పెడు బురద తీసి పిసికి చూసింది.

"కట్టొచ్చే. ఏటేటా తొక్కి, దిగిన ఉప్పు తియ్యకుండా ఒగ్గీసుకుంటూ పోతే నీ మనవల నాటికి కడతాది" అని, అన్నాక గాని ఎవరితో అంటోందో గుర్తు రాక, కొంగు నోట్లో కుక్కుకుంది.

దాలమ్మ ఆ ఏడూ తొక్కింది, ఆ పైన కొన్నేళ్ళూ తొక్కింది. మనవలు లేకపోతే పోనీ, అనుకుంది. కానీ మడికి నేల లేనప్పుడు నీరు నిలవదు, కిందికి ఇంకిపోతుంది. దిగిన కాస్త ఉప్పూ బురదలో కలిసి, మొదటి వానకే కరిగిపోయేది. మేనత్త కాలం చేసిన ఏడు, పెద్దలు దాలమ్మని పిలిచి, ఎక్కడా గొంతు పెంచకుండా, మడి ఎవరికీ ఇవ్వడం లేదని, ఇస్తామన్నా తీసుకునేవాళ్ళు లేరని, ఆ గట్టు తెంచి కయ్యలో కలిపేస్తామని చెప్పారు. ఆవిడ సరేనంది. ఆ మధ్యాహ్నం గట్టు తెంచినప్పుడు దగ్గరుండి చూసింది. కయ్య నీరు మెల్లగా లోపలికొచ్చి పరుచుకుంది. కాసేపటికి అక్కడ ఒక మడి ఉండేదన్న సంగతే తెలియలేదు. దాలమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని స్టేషన్‌కి నడిచింది.

ఇంట్లో మిగిలింది ఆ పెచ్చు ఒక్కటి. ఖరగ్‌పూర్ వానాకాలం సంగతి తెలిసిందే, గోడలు కూడా చెమరుస్తాయి. మడిలోంచి ఊడిన తల్లి ఉప్పుకి చెమ్మ తగిలితే ఊరుకుంటుందా? గూట్లో మట్టిమూకుడులో పెట్టినా ఏటేటా కాస్త కాస్త నీరయి కారేది. దాలమ్మ ఎండ కాచినప్పుడల్లా పెరట్లో పెట్టి ఆరబెట్టేది, వాన పడితే పరిగెత్తుకెళ్ళి తెచ్చేది. ఎంత జాగ్రత్త పడ్డా అరచేయంత అయింది, తరవాత తమలపాకంత, తరవాత వక్కంత. ఒక ఆషాఢంలో మూకుడు నిండా నీళ్ళే ఉన్నాయి. పారబొయ్యబుద్ధి కాక, ఆ నీళ్ళు పులుసులో పోసి వండేసింది. గణపతిరావు ఇవాళ పులుసు బ్రహ్మాండంగా ఉందన్నాడు.

పక్క దేశంలో యుద్ధమై కాందిశీకుల రైళ్ళు వస్తున్న ఏడు అతను రిటైరయ్యాడు. బాయిలర్ షాపువాళ్ళు మెడలో దండ వేసి, శాలువా కప్పి, ఫోర్‌మన్ దాదా బెంగాలీలో గొప్పగా మాట్లాడాడు. అన్నీ అయ్యాక ఇంటికొచ్చి, దండ తీసి మేకుకి తగిలించి, పద దాలీ, ఇక మన మడికి పోదాం అన్నాడు. ఇన్నేళ్ళూ ఆవిడ చెప్పిన కలే, అతను ఇప్పుడు తన కలలా చెబుతున్నాడు. గట్టు మీద పాక, చెక్కపారలు, పీతల పులుసు, ఏదీ మరవలేదు.

దాలమ్మ తల అడ్డంగా ఊపింది. ఇక్కడే ఉందామని చేత్తో నేల చూపించింది. గణపతిరావు ఆశ్చర్యపోయాడు. బతిమాలాడు, కోప్పడ్డాడు, రెండు రోజులు అలిగాడు. చివరికి ఆ ఊళ్ళోనే ఖరిదా పేటలో ఒక ఒంటిగది అద్దెకి తీసుకున్నారు. ఇరుకు సందు, ఎదురుగా కాలవ. చేతిలో పని లేక గణపతిరావు అరుగు మీద కూర్చుని, వచ్చేపోయే ప్రతివాడికీ పెళ్ళాం మీద ఫిర్యాదు చెప్పేవాడు. అత్తారింటి మడిని నా చేతుల్తో అద్దంలా చేసి పెట్టాను, ఈవిడగారికి పట్నం మరిగింది, రానంటోంది, చూడండి అనేవాడు. జనం నవ్వేవారు. రూతు చూడ్డానికి వచ్చినప్పుడు అదే మాట విని, మొహం పక్కకి తిప్పుకుంది.

ఒక మాఘమాసం పూట అతను అదే మాట ఎవరో రిక్షా అతనికి చెప్పి లోపలికొచ్చాడు. దాలమ్మ అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది. అతను చారు కలుపుకుంటుంటే ఆవిడ అతని మొహంలోకే చూస్తూ, ఆ ఇంట్లో ఎన్నడూ వాడని నెమ్మది గొంతుతో, పెళ్ళయిన కొత్తలో కూనిరాగం తీసిన గొంతుతో మొదలుపెట్టింది.

"మావా, మడి నేదు. నువ్వు కొట్టింది స్కేలు కాదు, మా తల్లి ఉప్పు. మా తాతలు కట్టినారు దాన్ని. నాకు ఇంకేటీ మిగల్నేదు మావా. నీ సేతులు సూసి సెప్పలేకపోనాను. ఇన్నేళ్ళూ నిన్ను సంపీయాలనిపించి సంపనేదు, ఒగ్గీసి పోవాలనిపించి పోనేదు."

మొత్తం చెప్పింది. మేనత్త అరిచిన సంగతి, బురదలో పాదం దిగిన సంగతి, గట్టు తెంచిన సంగతి, పులుసులో పోసిన నీళ్ళ సంగతి. గణపతిరావు ముద్ద చేతిలోనే పట్టుకుని, ఆవిడ పెదాలు కదులుతున్నంతసేపూ శ్రద్ధగా చూశాడు. ఆవిడ ఆగిపోయాక, ఇంకా ఏమైనా ఉందేమోనని కాసేపు ఎదురుచూశాడు.

"ఠీక్ హై, ఠీక్ హై" అన్నాడు తల ఊపి. తరవాత ఉప్పు గిన్నె ఇటు జరపమన్నాడు.